చెయ్యియ్యన్నా!

న్యూయార్క్‌లో స్కేట్‌బోర్డు కుర్రాళ్లు చేసే ఒక పనిని 'స్కిచింగ్' అంటారు. సిగ్నల్ దగ్గర ఆగిన ట్రక్కు వెనక్కి చేరి, కమ్మీనో బంపరునో పట్టుకుంటారు. ట్రక్కు కదలగానే కాళ్ల కింద బోర్డు కూడా పరుగందుకుంటుంది. 1985లో వచ్చిన 'బ్యాక్ టు ద ఫ్యూచర్' సినిమాలో హీరో బడికి పోయేది ఇలాగే. 1994లో దీని మీద వీడియోగేమ్ కూడా వచ్చింది. మంచు పడే ఐడహోలో బోర్డు కూడా అక్కర్లేదు. అక్కడ పెరిగిన నా సహోద్యోగి చెప్పాడు: గడ్డకట్టిన వీధిలో కారు బంపరు పట్టుకుని గొంతుక్కూర్చుని, బూట్ల మీదే జారిపోయేవారట. మంచు కరిగి తారు బయటపడ్డ చోట బూటు ఠక్కున ఆగిపోతుంది. మనిషి ఆగడు.

మాన్‌హట్టన్‌లో ఈ విన్యాసం కళ్లబడినప్పుడల్లా నేను కుర్రాడి చేతినే చూస్తాను. వేళ్లు తెల్లబడేంత గట్టిగా బిగించిన ఆ పట్టు నాకు బాగా తెలుసు. కానీ ఇక్కడ నన్ను భయపెట్టే విషయం వేరే ఉంది. తన బండికి ఒక ప్రాణం వేలాడుతోందని ఆ ట్రక్కు డ్రైవరుకు తెలియదు. అతను బ్రేకు వేస్తే కుర్రాడికి ముందుగా చెప్పేవాళ్లుండరు. బోర్డుకు బ్రేకుండదు. ఆ చిన్న చక్రాల కింద గులకరాయి పడ్డా చాలు.

మేం సికింద్రాబాద్‌లో వేలాడింది సిటీ బస్సులకు. స్టేషన్ దగ్గర బయల్దేరిన బస్సు చిలకలగూడ దాటి మా మెట్టుగూడకు వచ్చేసరికే నిండిపోయేది. యూనివర్సిటీకి పోవాలంటే తార్నాక దాకా వెనక తలుపు మెట్టే దిక్కు. బస్సు పూర్తిగా ఆగేది కాదు. పక్కనే పరుగెత్తుతూ "చెయ్యియ్యన్నా!" అని అరిస్తే లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చేది. అది ఎవరిదో చూసే వీలుండేది కాదు. ముంజేతిని పట్టి లాగేది, అంతే. ఒక పాదం మోపడానికి మెట్టు మీద జాగా దొరికేది. పుస్తకాలు కిటికీలోంచి లోపలికి పోయేవి. కూర్చున్న పెద్దాయన ఎవరో వాటిని ఒళ్లో పెట్టుకుని, తార్నాకలో అడక్కుండానే బయటికి అందించేవాడు. చిల్లర పైసలు చేతులు మారి కండక్టరు దాకా వెళ్లేవి, టికెట్టు అదే దారిన తిరిగొచ్చేది. "లోపల్కి జరుగుండ్రి, పిలగాండ్లు బయట ఏలాడ్తున్నరు!" అని కండక్టరు గొంతు చించుకునేవాడు.

దిగడమూ ఒక విద్యే. మాకంటే పెద్దవాళ్లు నేర్పారు. బస్సు పోయే వైపే ముఖం పెట్టాలి. కుడిచేత్తో కమ్మీ పట్టుకుని ఎడమకాలు ముందు వేయాలి. నేల తగిలాక బస్సుతో పాటు నాలుగడుగులు పరుగెత్తి, అప్పుడు చెయ్యి వదలాలి. వెనక్కి తిరిగి దిగితే పాదాలు నేల మీద ఆగుతాయి, పైదేహం మాత్రం బస్సు వేగంతోనే పోతుంది. తల రోడ్డుకు కొట్టుకుంటుంది. పడ్డవాళ్లను చూశాను. ఎడమవైపుకు ఒరిగిన బస్సుకీ, ఆగి ఉన్న లారీకీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉండని చోట్లు ఆ దారిలో ఉండేవి. అందుకే ఆ రోజులు తలుచుకుని మురిసిపోయే మిత్రులతో నేను గొంతు కలపలేను. నాకు ప్రియమైనవి ఆ చేతులు. ఫుట్‌బోర్డు కాదు.

అలాంటి సాయం ఇంకోటి ఇప్పటికీ హైదరాబాద్ రోడ్ల మీద కనిపిస్తుంది. పెట్రోలు అయిపోయిన బండి వెనక ముక్కూ మొహం తెలియని వ్యక్తి తన బండి తెచ్చి, ముందు బండి ఫుట్‌రెస్ట్ మీద కాలు ఆనించి బంకు దాకా తోసుకుంటూ పోతాడు. అదీ ప్రమాదమే. అయినా తోసేవాడి కళ్లు ముందున్న మనిషి మీదే ఉంటాయి.

న్యూయార్క్‌లో ఇప్పుడు పిల్లలు సబ్‌వే రైళ్ల పైకప్పు ఎక్కుతున్నారు, ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. 2023 సెప్టెంబరులో రవాణా సంస్థ 'లోపల ప్రయాణించు, ప్రాణం నిలుపుకో' అనే ప్రచారం మొదలుపెట్టి, స్టేషన్లలో విద్యార్థుల గొంతులతోనే ప్రకటనలు వేయించింది. మంచి పని. అక్కడ పైకెక్కే పిల్లవాడికి లోపల చోటుంది, అతన్ని ఒప్పించాలి. మెట్టుగూడ కుర్రాణ్ని ఎవరూ ఒప్పించనక్కర్లేదు. చోటుంటే తనే లోపలికి పోతాడు.

మన చట్టం ఈ తేడా చూడదు. 1988 మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ ప్రకారం ఫుట్‌బోర్డు మీద మనుషుల్ని ఎక్కించుకోవడం డ్రైవరు తప్పు, అలా ప్రయాణించడం ప్రయాణికుడి తప్పు. రెండో బస్సు పంపనివాళ్ల ఊసు ఆ సెక్షన్‌లో లేదు. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసే ఇప్పుడు మా సిటీ బస్సులు నడిపే మహా సంస్థగా ఎదిగింది. 2017 నవంబరు నుంచి మెట్టుగూడ, తార్నాకల మీదుగా మెట్రో కూడా నడుస్తోంది. తలుపులు మూసుకుంటే తప్ప కదలని రైలు అది. ఆ తలుపులు చూస్తే నాకు నిజంగా సంతోషం. కానీ విద్యార్థి బస్సు పాసుతో నెట్టుకొచ్చే ఇంట్లో రోజూ మెట్రో టికెట్టు బరువే.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. పనికి పోవాలన్నా ఆసుపత్రికి పోవాలన్నా ఎవరినీ డబ్బులడగక్కర్లేని ఆ స్వేచ్ఛ గొప్పది. దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ ఈమధ్య సెలవులకు వెళ్లినప్పుడు, మగపిల్లలకే పరిమితమనుకున్న పని ఆడపిల్లలూ చేయడం చూశాను. భుజాన కాలేజీ బ్యాగుతో, ఒంటి కాలి మీద, ముందు తలుపు మెట్టు చివర నిలబడి ఉంది ఒకమ్మాయి. లోపలి నుంచి ఒకావిడ ఆమె బ్యాగు పట్టీ పట్టుకుని ఉంది. ఆ పట్టీ మీద ఆధారపడి ఏ ఆడపిల్లా కాలేజీకి పోకూడదు. పొద్దున కాలేజీల వేళకు స్టేషన్ నుంచి నిండుగా వచ్చే బస్సు వెనకాలే, మెట్టుగూడలోనే ఖాళీగా బయల్దేరే బస్సు ఇంకొకటి వేయాలి. సాయంత్రం తార్నాక నుంచీ అంతే. పథకానికి డబ్బు కేటాయించిన ప్రభుత్వం ఈ బస్సులకూ, వాటి డ్రైవర్లకూ కండక్టర్లకూ కూడా కేటాయించాలి.