కైరోలో గుర్రాల ఆసుపత్రి

కైరోలో సయ్యిదా జైనబ్ పాతపేట. మసీదు చుట్టుపక్కల సందుల్లో కూరగాయల బళ్ళు, పాత ఇనుము ఏరుకునేవాళ్ళ బళ్ళు కార్ల మధ్యే సాగిపోతుంటాయి. వాటిని లాగేవి గాడిదలు, గుర్రాలు. పిరమిడ్లు చూసొచ్చాక మేము ఆ పేటకి వెళ్ళింది అక్కడి బ్రూక్ ఆసుపత్రి కోసం. బతుకుతెరువుకి బరువులు మోసే జంతువులకి 1934లో మొదలైన ఉచిత వైద్యశాల అది.

లోపల ఒక బూడిదరంగు గాడిద గుంజకి కట్టేసి ఉంది. మూపు మీద అరచేతి వెడల్పున పుండు. డాక్టరు ఉప్పునీళ్ళతో కడుగుతుంటే చెవులు వెనక్కి వాల్చింది గానీ కాలు విదల్చలేదు. చీము తుడిచి, చచ్చిన చర్మం కత్తిరించి, మందు రాసేదాకా యజమాని దాని మూతి పట్టుకుని ఏదో చెబుతూనే ఉన్నాడు. కట్టు అయ్యాక డాక్టరు జీను కింద పరిచే గోనె అడిగి తీసుకున్నాడు. చెమట, దుమ్ము పట్టి అది అట్టకట్టింది; కుట్లు ముడులుగా తేలాయి. "యా ఉస్తా (మేస్త్రీ), పుండు చేసింది ఇదే" అంటూ ఆ ముడుల్ని యజమాని వేళ్ళతోనే తడిమించాడు. పుండు మానేదాకా బండి కట్టొద్దన్నాడు. ఆ మాటకి అతని ముఖం వాడిపోయింది. మాతో వచ్చిన స్థానిక కుర్రాడు అసలు సంగతి విప్పి చెప్పాడు: బండి కదలని రోజు ఆ ఇంట్లోకి డబ్బు రాదు.

ఈ చిక్కుముడిని దాదాపు వందేళ్ళ కిందటే గుర్తించింది డొరొతీ బ్రూక్. 1930లో ఆమె భర్త జెఫ్రీ బ్రూక్ ఈజిప్టులో బ్రిటిష్ అశ్వికదళానికి అధిపతిగా వచ్చాడు. కైరో వీధుల్లో ఎముకలు తేలిన ముసలి గుర్రాలు బళ్ళు లాగుతూ ఆమెకి కనిపించాయి. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం పనిచేసి, యుద్ధం ముగిశాక అక్కడే అమ్ముడైపోయిన గుర్రాలవి. 1931లో లండన్ పత్రిక 'మార్నింగ్ పోస్ట్'కి ఆమె ఒక ఉత్తరం రాసింది. చదివినవాళ్ళు విరాళాలు పంపారు. ఆ డబ్బుతో మూడేళ్ళలో సుమారు 5,000 గుర్రాల్ని కొన్నది. చాలావాటికి కొన్నాళ్ళు కడుపునిండా మేత, మెత్తని పడక ఇచ్చి, ఆ తర్వాత బాధలేని చావునివ్వడం తప్ప చేయగలిగింది లేకపోయింది. అయినా గుర్రపు యజమానుల్ని ఆమె తిట్టిపోయలేదు. వాళ్ళూ పేదవాళ్ళేనని ఎరిగి ధర చెల్లించింది. ఆ ఓర్పే నాకు గొప్పగా తోచింది. కొనుగోళ్ళతో ఆగిపోకుండా ఆసుపత్రి పెట్టించడానికి కారణం కూడా అదే. ఆమె 1955లో కైరోలోనే కన్నుమూసింది.

ఆ మొదటి ప్రపంచయుద్ధంతో మనకీ సంబంధముంది. నిజాం సంస్థానపు అశ్వికదళం హైదరాబాద్ లాన్సర్లు జోధ్‌పూర్, మైసూరు దళాలతో కలిసి ఈజిప్టులో సూయెజ్ కాలువకి కాపలా కాశారు, తర్వాత పాలస్తీనాలో పోరాడారు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాల సైనికులకి గుర్తు. ఆ యుద్ధంలో రౌతులతో పాటు అలసిన గుర్రాల కోసం అలాంటి స్మారకంగానే డొరొతీ ఆసుపత్రికి మొదట్లో 'ఓల్డ్ వార్ హార్స్ మెమోరియల్ హాస్పిటల్' అని పేరు పెట్టారు.

కైరోకి దక్షిణంగా నైలు వెంట వెళితే అల్ సఫ్ ప్రాంతంలో ఇటుక బట్టీల పొగగొట్టాలు వరసగా కనిపిస్తాయి. పచ్చి ఇటుకలు నింపిన బళ్ళని గాడిదలు లాగుతున్నాయి. తోలేవాళ్ళలో మీసాలైనా రాని పిల్లలున్నారు. ఇక్కడి నుంచి జబ్బు జంతువుని నగరానికి తీసుకుపోవడం కూలివాడి వల్ల కాదు. అందుకే వైద్యులే బట్టీలకి రావాలి. వచ్చినవాళ్ళు మందులతో సరిపెడితే లాభం లేదు. పట్టెడ రాపిడి, గిట్టల పగుళ్ళు, కర్రదెబ్బలు, నీళ్ళు చాలక నీరసం, ఇవన్నీ మళ్ళీ మళ్ళీ వచ్చేవే. నీడ వేయించాలి, తొట్టిలో నీళ్ళు నింపించాలి, లాడాలు కొట్టేవాడికి పని నేర్పాలి, కర్ర లేకుండా తోలడం పిల్లవాడికి చూపించాలి. ఇంజెక్షన్ కన్నా ఇవే ఎక్కువ జంతువుల్ని కాపాడతాయని నా నమ్మకం.

బ్రూక్ సంస్థ మనదేశంలోనూ ఇటుక బట్టీల్లో ఇలాగే పనిచేస్తోంది. పశుగణన ప్రకారం 2012లో దేశంలో 3.2 లక్షలున్న గాడిదలు 2019కల్లా 1.2 లక్షలకి పడిపోయాయి. అయినా పాడేరు ఏజెన్సీలో ఇప్పటికీ గుర్రాల మీద సంతకి సరుకు చేరవేసే గిరిజనులున్నారు. ఇలాంటివాళ్ళ ఊళ్ళకి పశువైద్యులు నెలకొకసారైనా వెళ్ళాలి. పట్నాల్లో పెంపుడు కుక్కల క్లినిక్కులు నడిపే డాక్టర్లు, పశువైద్య కళాశాలల విద్యార్థులు ఒక్క ఆదివారం ఇచ్చినా ఎంతో మేలు.

1965 నాటి మన నిబంధనల ప్రకారం గాడిద మీద 50 కిలోలకి మించి మోయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదు, రోజు మొత్తంలో తొమ్మిది గంటలు దాటకూడదు. మీ ఊరి బట్టీలో ఈ లెక్కలు ఎవరికైనా తెలుసేమో ఒకసారి వెళ్ళి అడగండి. తెలియకపోతే కోప్పడకుండా చెప్పండి. వెళ్ళేటప్పుడు పశువైద్యుణ్ణి వెంట తీసుకెళ్ళండి.