తోలుకోటు – పొగవాసన

మన యిండ్లలో పాతవస్తువులను దాచుకొనుట యొక ఆచారముగా నున్నది. తాతగారి చేతికఱ్ఱ, అమ్మమ్మగారి కుంకుమబరిణె, తండ్రిగారి గడియారము, ఇట్టి వస్తువులు లేని గృహము తెలుగుదేశమున అరుదు. వానిలో కొన్ని పనికివచ్చునవి. కొన్ని ప్రేమచే నిలుపుకొన్నవి. అయితే వస్తువుతోపాటు దానికి పట్టిన మురికిని గూడ వారసత్వముగా గ్రహింపవలెనా, లేక మురికిని తీసివైచి వస్తువును మాత్రము నిలుపుకొనవలెనా? ఆచారముల విషయమున ఈ ప్రశ్నను మన పెద్దలు పలుమాఱులు విచారించిరి. మేము దానిని ఒక తోలుకోటు విషయమున విచారింపదలచితిమి. విషయము చిన్నదని చదువరులు నవ్వవలదు. కొయ్యకు వ్రేలాడు కోటును గూర్చి నిర్ణయము చేయలేని గృహము లోకసంస్కారమును గూర్చి మాటలాడిన నెవరు విందురు?

ఇంగ్లీషువారు ఈ వస్త్రమును లెదర్ జాకెట్టందురు. మన భాషలో జాకెట్టనిన స్త్రీల రవికకు పేరు గావున, మేము దీనిని తోలుకోటనియే వ్యవహరింతుము. హైదరాబాదు నగరమున అబిడ్స్ అను పేట కలదు. ఆరవ నిజాము మహబూబలీఖానుగారి కొలువులో నుండిన ఆల్బర్ట్ అబిద్ అను నతని దుకాణమునుబట్టి ఆ పేటకు పేరు వచ్చినది. ఆదివారమునాడు అచ్చటి పెద్ద దుకాణములు మూతపడగా కాలిబాటలమీద పాతపుస్తకములు పఱచి యమ్ముదురు. పాతవస్తువునకు మర్యాదగల పేట యది. మా తండ్రిగారు సుమారు ఏబది సంవత్సరముల క్రిందట ఆ ప్రాంతముననే ఒక పాత తోలుకోటును బేరమాడి కొనిరి. చలికాలమున నాంపల్లి నుండి స్కూటరుపై పనికి బోవునపుడు దానినే ధరించెడివారు. దాని కుడిజేబులో సిగరెట్టుపెట్టె, ఎడమజేబులో అగ్గిపెట్టె యుండెడివి. వారు గతించి ఆఱు సంవత్సరములైనను కోటు తలుపువెనుక కొయ్యకే యుండెను. తలుపు తీసినప్పుడెల్ల పొగవాసన వచ్చుచుండెను.

గత సంవత్సరము మా కోడలు అయిదు నెలల బిడ్డతో పుట్టినింటి నుండి వచ్చినది. కోటున్న గదియే ఆమెకు పడకగది. నాలుగు దినములు ఊరకుండి, అయిదవదినమున తన అత్తగారితో, "ఆ కోటును ఇంకొక చోట పెట్టవచ్చునా అత్తయ్యా?" అని మెల్లగా అడిగినదట. ఈ మాట మా అన్నగారి చెవిని పడెను. వారు నొచ్చుకొనిరి. "నాయనగారి గుర్తుగా మిగిలినది ఆ వాసన యొక్కటే. దానిని గూడ కడిగివేయుదురా? అమ్మ యేమగును?" అనిరి. ఇంటిలో రెండు పక్షములేర్పడెను. ఒక పక్షమున బిడ్డ, రెండవ పక్షమున గతించిన తండ్రి. తీర్పు చెప్పుట యెవరికిని సులభము కాదు.

ముందు శాస్త్రము చెప్పు మాటను విందము. పొగ త్రాగువాడు పీల్చునది మొదటి పొగ. ప్రక్కనున్నవాడు పీల్చునది రెండవ పొగ. పొగ యారిన పిమ్మట గోడలకును, పరుపులకును, బట్టలకును అంటుకొని మిగులు దానికి మూడవచేతి పొగయని పేరు. ఈ పేరు 2009లో అమెరికాదేశపు శిశువైద్యులు ప్రకటించిన వ్యాసమువలన ప్రసిద్ధమయ్యెను. మఱుసటి సంవత్సరము, అనగా 2010లో, ఆ దేశమునందలి లారెన్సు బర్క్లీ ప్రయోగశాలవారు మఱియొక సంగతి కనుగొనిరి. వస్తువులకంటిన నికోటిను గాలిలోని నైట్రసు ఆమ్లముతో గలిసి, నైట్రోసమీనులను పదార్థములను పుట్టించును. పుట్టకురుపునకు హేతువులగు పదార్థములలో అవి చేరినవి. ఒక్క కోటువలన ఇంత కీడు కలుగునని కొలిచి చెప్పినవారు లేరు. కాని నేలపై ప్రాకుచు, చేతికందినదెల్ల నోటబెట్టుకొను బిడ్డ యున్న గదిలో అట్టి వస్తువు నుంచుట వివేకము గాదని చెప్పుటకు కొలతలు అక్కఱలేదు.

మన ప్రభుత్వము 2008 అక్టోబరు 2వ తేదీ నుండి దేశమంతట బహిరంగస్థలములలో పొగత్రాగుటను నిషేధించినది. ఆ చట్టము రైలుస్టేషనులోనికి వచ్చును, సినిమాశాలలోనికి వచ్చును, కచేరీలోనికి వచ్చును. మన గడపలోనికి మాత్రము రాదు. గడపలోపల చట్టము చేయవలసినవారు ఇంటివారే. అందులో స్త్రీల మాట ఎంత చెల్లునో దానిని బట్టియే ఆ యింటి సంస్కారమును కొలువవచ్చును.

కావున మేము మా తల్లిగారి యొద్దకే పోయి, అన్నగారి యెదుటనే అడిగితిమి. ఆమెకు ఎనుబది దాటినవి. కొంతసేపూరకుండి యిట్లనెను: "అది మీ నాయన వాసన కాదురా; పొగ వాసన. నలభై రెండేండ్లు పక్కన పండుకున్నాను. నీకిది పడుతుందా అని ఒక్కనాడు ఎవరూ అడగలేదు. పిల్ల అడిగింది కదా, తీసెయ్యండి. కోటు మాత్రం పారెయ్యకండి." మా అన్నగారు తల వంచుకొనిరి. ఆ దినము మొదలు వారు వాసనమాట ఎత్తలేదు. ఆమె దుఃఖించునని ఇంటిల్లిపాది అనుకొనిరే గాని, ఆమెను అడుగవలెనని ఒక్కరికిని తోచలేదు. ఈ మౌనము మా యింటికి మాత్రమే చెందినది కాదని మా నమ్మకము.

ఇక చేయవలసిన పని. మొదట ఒక దుకాణమునకు కోటును పంపితిమి. వారు నాలుగు దినములుంచుకొని, దట్టముగ సుగంధము చల్లి తిరిగి పంపిరి. రెండు వాసనలు కలిసి మూడవ వాసనయై, మొదటిదే మేలనిపించెను. బంధువులలో నొకరు సాంబ్రాణి వేయుమనిరి. ఇంకొకరు అత్తరు పూయుమనిరి. వేఱొకరు కర్పూరపుబిళ్ళలు జేబులలో నుంచుమనిరి. పొగకు పొగ మందు కాదు. సాంబ్రాణి వలనను కర్పూరము వలనను వాసన కప్పబడును గాని తొలగదు. లోపమును తొలగించుటకు బదులు దానిపై పూలు కప్పుట మన సంఘమునకు చిరకాలముగా నలవాటైన విద్య.

నాంపల్లి స్టేషను సమీపమున కాలిబాటపై కూర్చుండి చెప్పులు కుట్టు వృద్ధుడొకడు కలడు. కోటును అతనికి చూపితిమి. అతడు దానిని తిప్పి, లోపలి అస్తరును ముక్కుకడ నుంచుకొని, "సాబ్, వాసన తోలులో తక్కువ, అస్తరులో ఎక్కువ" అని ఒక్కమాటలో రోగము తేల్చెను. దుకాణమువారు కనుగొనలేనిదానిని అతడు కనుగొనెను. ఆ సాయంకాలము అతనిని ఇంటికి పిలిచి, ముందుగదిలో కుర్చీవేసి, మేము త్రాగు కప్పులతోనే తేనీరిచ్చి, పని నేర్చుకొంటిమి. ఇందులో గొప్ప యేమియును లేదు. కాని తోలుకోటును హాలులో వ్రేలాడదీసి, తోలుపని చేయువానిని గడపబయట నిలుపు గృహములు నేటికిని లేకపోలేదు. ఈ నగరముననే భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి అస్పృశ్యతపై పోరాడిరి. గుంటూరు జిల్లా యలవఱ్ఱులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు తోలుపనినే శాస్త్రముగా నేర్చి, మదరాసునందలి కేంద్ర తోలుపరిశోధనాలయమునకు అధ్యక్షులై, లోకమున కీర్తి గాంచిరి. తోలును తాకుట నీచమని యనువారు వారిని తలచుకొనవలెను.

తోలుయొక్క స్వభావము తెలిసిన గాని దానిని శుభ్రపఱచుట తెలియదు. పచ్చిచర్మము కుళ్ళును. తంగేడుచెక్క వంటి వగరు చెక్కల కషాయములోగాని, క్రోమియపు లవణములలోగాని ఊనవైచినపుడు దానిలోని నారలు గట్టిపడి తోలగును. మన తెలంగాణమునకు రాష్ట్రపుష్పమగు తంగేడు పూవును బతుకమ్మలో పేర్చుదుము; దాని చెక్కయే పూర్వము మన చర్మకారులకు మూలద్రవ్యము. ఊనిన తోలు స్వభావముచే కొంచెము ఆమ్లగుణము కలది. సన్నని రంధ్రములు కలది. నికోటిను క్షారగుణము కలది. కావున పలుచని సిర్కా నికోటినును లవణముగా మార్చి యెగిరిపోనీయక పట్టును; తడిగుడ్డతో దానిని తుడిచివేయవచ్చును. వంటసోడా క్షారము గనుక దానిని తడిపి తోలుపై రుద్దినచో తోలు చెడును. ప్రక్కన నుంచినచో వాసనను పీల్చును. ఈ భేదము నెఱుగక సోడా రాచి కోటును పాడుచేసికొనువారు కలరు.

మేము చేసిన క్రమమిది. మొదట జేబులను వెలికి త్రిప్పి, కుట్లలో చిక్కిన పొగాకుపొడిని మెత్తని బ్రష్షుతో దులిపితిమి. తరువాత వెడల్పయిన కొయ్య హ్యాంగరుకు తగిలించి, ఎండ తగులని గాలివసారాలో పది దినములుంచితిమి. ఎండలో వేసిన తోలు బిరుసెక్కి పగులును. పిమ్మట తెల్లసిర్కా ఒకపాలు, నీరు ఒకపాలు కలిపి, మెత్తని నూలుగుడ్డను అందు ముంచి, గట్టిగ పిండి, ముందుగా మెడపట్టీ క్రింద కానరాని చోట తుడిచి చూచితిమి. రంగు పోలేదు గావున కోటంతయు తుడిచితిమి. గుడ్డ తేనెరంగు తిరిగెను. ఆ రంగును చూచి మా అన్నగారు, "ఇదంతయు నాయన ఛాతీలో గూడ నుండెనా?" అని మెల్లగా అడిగిరి. మేము బదులు చెప్పలేదు. గుడ్డలు మార్చుచు, చివర మంచినీటిగుడ్డతో తుడిచి, నీడను ఆరవైచితిమి. వెల్వెటువలె నూగుగల తోలునకు ఈ తడిపని తగదు, మచ్చలు పడును.

అస్తరును వృద్ధుడు విప్పి తీసెను. ఒక దర్జీ క్రొత్త అస్తరు వేసెను. సగము వాసన దానితోనే పోయెను. అస్తరు మార్చలేనివారు దానిపై సిర్కానీటిని సన్నగా చిలికి ఆరవేయవచ్చును. తరువాత కోటును ఒక రేకుపెట్టెలో నుంచి, చేతులలో అచ్చులేని తెల్లకాగితములను ఉండలు చేసి కూరి, రెండు గిన్నెలలో వంటసోడాను, ఒక గిన్నెలో వాసనలు పీల్చుటకై తయారుచేసి యమ్ము ఉత్తేజితపు బొగ్గును ఉంచి మూసితిమి. వారమునకొకమాఱు కాగితములను సోడాను మార్చుచు మూడు వారములు గడపితిమి. తుదకు తోలునకై యమ్ము క్రీమును పలుచగ రాచితిమి. కొబ్బరినూనె రాయరాదు; తోలు నల్లబడి ధూళి పట్టును. సబ్బునీటిలో నానవేయుట, ఇస్త్రీ చేయుట, పెట్రోలుతో తుడుచుట సర్వథా కూడవు. ఓజోను వాయువును విడుచు యంత్రములతో వాసన తీయుదురు గాని, ఆ వాయువు ఊపిరితిత్తులకు హానికరము. బిడ్డలున్న యింట దానిని వాడరాదు.

ఈ పని యంతయు కార్తికమున మొదలై పుష్యమునకు ముగిసెను. హైదరాబాదున ఆ మాసములు పొడిగా నుండును గావున ఇదియే తగిన కాలము. వానకాలమున తోలు తేమ పీల్చి బూజుపట్టును. సత్యము చెప్పవలెనన్న, వాసన నిశ్శేషముగా పోలేదు. ఆషాఢపు ముసురులో మెడపట్టీ దగ్గఱ సన్నగా మరల తలయెత్తెను. మరల తుడిచితిమి, మరల పెట్టెలో నుంచితిమి. ఇప్పుడు ముక్కు ఆనించిన గాని తెలియదు. అయినను బిడ్డ గదిలో కోటునుంచము. అది హాలులో అలమారులో నున్నది. చలిదినములలో మా అన్నగారు దానిని వేసికొని అబిడ్స్‌లో పుస్తకములకు పోవుదురు.

చార్మినారు పేరుతో సిగరెట్లను చేసి దేశమంతట అమ్మిన నగరము మాది. మేలిపొగాకును పండించిన జిల్లా మన గుంటూరు. విశాఖ, శ్రీకాకుళపు తీరములందు స్త్రీలు గూడ చుట్టను నిప్పువైపు నోటనుంచుకొని అడ్డపొగ త్రాగి, అంగిటిలో పుండ్లు తెచ్చుకొనిరి. పొగాకు మనకు పంటయు, వ్యాపారమును, వ్యసనమును అయినది. దానిని ఒక్క వ్యాసముతో విడిపింపలేము. మా యింటనున్న ఒక కోటు నుండి విడిపించితిమి. అందులకే రెండు మాసములు పట్టెను.

గృహిణులారా, మీ యిండ్లలో గూడ ఇట్టి వస్త్రమొకటి యుండవచ్చును. దానిని పారవేయుమని మేము చెప్పము. సిర్కాయు, సోడాయు అంగడిలో దొరకును. అంతకుముందు చేయవలసిన పని యొకటి కలదు. ఆ వాసనతో కాపురము చేసినవారిని, ఆ వాసన యొద్ద బిడ్డను పెంచుచున్నవారిని కూర్చుండబెట్టి, వారి యిష్టమేమో అడుగవలెను. సిగరెట్టు ముట్టింపబోవు పురుషులు గూడ ఆ ప్రశ్నను ముందుగా అడిగి, బదులు వచ్చువఱకు అగ్గిపుల్లను గీయకుందురు గాక.