చెప్పుకోని బాధ

మోకాలు నొప్పి వస్తే ఇంటిల్లిపాదికీ చెబుతాం. పాలవాడిక్కూడా చెబుతాం. షుగరు వస్తే పెళ్ళి పందిట్లో పదిమందికీ వినబడేలా "నాకు లడ్డూ వద్దండీ" అంటాం. కానీ ముట్లుడిగాక యోని పొడిబారి మంట, దురద, మాటిమాటికీ మూత్రానికి పరుగులు, భర్తతో కలిసినప్పుడు నొప్పి... ఇవి మాత్రం ఎవరితోనూ అనం. చివరికి డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని కూడా "కాస్త నీరసంగా ఉందండీ" అని బలానికి మందు రాయించుకుని వచ్చేస్తాం!

ముట్లుడిగిన వాళ్ళలో ఇంచుమించు సగంమందికి ఉండే బాధ ఇది. ఒంట్లో ఈస్ట్రోజన్ తగ్గి, అక్కడి పొర పల్చబడడం వల్ల వస్తుంది. వేడి ఆవిర్లయితే కొన్నేళ్ళకి సర్దుకుంటాయి. ఇది అలా కాదు, ఊరుకున్నకొద్దీ ముదురుతుంది.

మా పక్కింటి పిన్నిగారు ఒకనాటి మధ్యాహ్నం ఓ రంగుల కాగితం తెచ్చి నా ముందు పరిచారు. "కథలు రాసేదానివి కదా, ఇదేమిటో చదివి చెప్పమ్మాయ్" అన్నారు. లేజరుతో సన్నసన్నని చురకలు పెడితే కొత్త పొర పుడుతుందట. లేకపోతే మన రక్తమే తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని అక్కడే ఇంజక్షను చేస్తారట. పైగా దానికి 'పునర్యౌవనం' అని పేరు. ఆ డబ్బుకోసం బాబాయిగారికి తెలియకుండా రెండు గాజులు అమ్మేద్దామని ఆవిడ ఆలోచన.

కూర్చుని చదివాను. ఇలాంటి చికిత్సలకి లేజరు యంత్రాలు పనిచేస్తాయనీ, క్షేమమనీ రుజువు కాలేదనీ, కాలిన గాయాలూ మచ్చలూ, వదలని నొప్పీ మిగలవచ్చనీ అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లోనే హెచ్చరించింది. ఆస్ట్రేలియాలో 85 మంది స్త్రీలని తీసుకుని కొందరికి నిజం లేజరు, కొందరికి ఉత్తుత్తి లేజరు పెట్టి చూశారు. ఏడాది తర్వాత ఇరువర్గాలకీ చెప్పుకోదగ్గ తేడా లేదని 2021లో ప్రకటించారు. ప్లేట్‌లెట్ల వైద్యానికీ గట్టి రుజువులు లేవు.

"మరి నా గతేమిటే?" అన్నారు పిన్నిగారు.

గతి ఉంది. మామూలు లేడీ డాక్టరు రాసే మామూలు మందులే. తేమనిచ్చే జెల్, అది చాలకపోతే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీము. రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్ళు మాత్రం ఆ సంగతి ముందే డాక్టరుకి చెప్పాలి. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనబడితే ఒక్కరోజు కూడా దాచకూడదు.

అంతా విని ఆవిడ అన్నమాట నన్ను పట్టుకుంది. "యౌవనం ఎవరిక్కావాలే! ఆ కాగితంలో నా బాధ పేరు పెట్టి రాశారు. ఇన్నాళ్ళకి ఒకరికి తెలిసిందనిపించింది."

చూశారా! మనం నోరు మూసుకున్నచోట వ్యాపారి నోరు తెరిచాడు. మన సిగ్గే వాడి పెట్టుబడి.

ఈసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు నీరసం కబుర్లు చెప్పకండి. "పొడిబారింది, మంటగా ఉంది" అనండి. ఆ రెండు ముక్కలకీ గాజులు అమ్మక్కర్లేదు.