డాక్టర్ చేతి తజుర్బా

మా ఖాలాకి గర్భసంచి తీసేయాలన్నారు. ఇంట్లో అందరి ఫికర్ ఒకటే: లేడీ డాక్టరేనా, ఖర్చెంత?

"ఇలాంటి ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారో కూడా అడుగు ఖాలా" అన్నాను.

"తౌబా! డాక్టర్‌ని అట్లా అడగడం బేఅదబీ కాదా బేటా?"

బేఅదబీ కాదు, జరూరత్. గర్భసంచికి రక్తం తెచ్చే ధమని కిందనుంచే కిడ్నీ మూత్రాన్ని మోసే సన్నటి నాళం వెళ్తుంది. గర్భసంచి మూతికి దాదాపు 2 సెంటీమీటర్ల దూరమే. పెద్ద గడ్డలున్నా, పాత సిజేరియన్ అతుకులున్నా దాన్ని గుర్తుపట్టడం ముష్కిల్. ఖాలాకి రెండూ ఉన్నాయి. నాళం తెగితే ఇంకో ఆపరేషన్, కొన్నిసార్లు కిడ్నీకే ఖత్రా. తరచూ చేసే సర్జన్ల చేతుల్లో ఇలాంటి ఇబ్బందులు తక్కువని పరిశోధనలూ చెబుతున్నాయి.

చివరికి ఖాలాయే అడిగింది. డాక్టరమ్మ బురా అనుకోలేదు. "మామూలువి నేను చేస్తాను, మీది కష్టమైన కేసు" అని తన సీనియర్ దగ్గరికి పంపారు.

షిఫా అల్లాహ్ ఇచ్చేదే. ఆ సవాల్ మాత్రం మనమే అడగాలి.