ఊత మారితే వేగం మారుతుంది



భాష చెప్పేవానికి రసాయనంతో పనేమిటని మీరు అడుగవచ్చును. మా హోసూరు ప్రాంతంలో ఆ పని దానంతటదే మీద పడుతుంది. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం వినే పిల్లవాడు పాఠంలో ఒక మాట దగ్గర ఆగిపోతే తెలుగు అయ్యవారినే వెదుక్కుంటూ వస్తాడు.

ఈ యేడు ఒక తల్లి పదవ తరగతి చదివే కుమారునితో వచ్చి, "సార్, వీనికి ఈ మాటలు తలకెక్కడం లేదు. పదకొండుకు ఇంగ్లీషు మీడియంలో వేసేస్తాము" అన్నది. 2006 నాటి తమిళ అభ్యాస చట్టం వచ్చినది మొదలు కృష్ణగిరి జిల్లా తల్లిదండ్రులలో తెలుగు మాధ్యమం గురించి ఈ బెరుకు ఉన్నదే. పిల్లవాడు వేలుపెట్టి చూపిన మాట 'ఉత్ప్రేరకం'. వేడి రాగిపై ఇథనాల్ ఆవిరిని పంపితే ఎసిటాల్డిహైడ్ వస్తుందన్న పాఠమది.

నాకు తెలిసినది ఉపాధ్యాయ శిక్షణలో నేర్చిన సామాన్య శాస్త్రమే. కనుక మా విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుని పిలిచాను. ఆయన రాగి తీగను చుట్టగా చుట్టి మంటలో కాల్చారు. ఎర్రని తీగ నల్లబడినది. అది రాగి ఆక్సైడు పొర. మంటకు దూరంగా, గాజు పాత్రలో ఉంచిన కొద్దిపాటి ఇథనాల్‌లో వేడి తీగను ముంచగానే నలుపు పోయి రాగి మెరిసినది, ముక్కును పొడిచే వాసన వచ్చినది. ఆల్కహాల్ అణువు రెండు హైడ్రోజన్ పరమాణువులను విడిచి ఆల్డిహైడ్ అయినది. ఆ హైడ్రోజన్ ఆక్సైడులోని ఆక్సిజన్‌తో కలిసి నీరైనది. తీగను మళ్ళీ కాల్చితే గాలిలోని ఆక్సిజన్ చేరి నలుపు తిరిగి వస్తుంది. (పాఠంలోనిది ఒట్టి రాగి, ఇది ఆక్సైడు, రెండూ ఒకటి కావని ఆయన హెచ్చరించారు.)

"ఉన్నది అప్పు ఇచ్చి, గాలి దగ్గర వసూలు చేసుకుంటుంది, అంతే కదా సార్" అన్నాడు పిల్లవాడు. 1954లో మార్స్, వాన్ క్రెవెలెన్ అనే డచ్చి శాస్త్రజ్ఞులు వెనేడియం ఆక్సైడు ఉత్ప్రేరకానికి చెప్పిన క్రమం దాదాపు అదే!

అసలు చిక్కు తరువాత వచ్చినది. ఇటువంటి ఆక్సైడును తరచు ముద్దగా కాక, సిలికా, అల్యూమినా, టైటానియా వంటి మరొక పదార్థంపై పలుచని పొరగా పరచి వాడతారు. ఆ అడుగు పదార్థాన్ని 'ఆధారం' అంటారు. "ఆధారమంటే కోర్టులో చూపేది కదా?" అన్నాడు. నేను 'ఊత' అన్నాను. మా వైపు టమోటా మొక్కకు కట్టే ఊతకర్ర వానికి తెలుసు.

విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు తల అడ్డంగా ఊపారు. కర్ర మొక్కను నిలబెడుతుందే గాని దాని స్వభావాన్ని మార్చదు. ఇక్కడ అట్లా కాదు. వెనేడియం ఆక్సైడును సిలికాపై పరచినప్పుడు మిథనాల్ ఫార్మాల్డిహైడ్‌గా మారే వేగం కంటే, సీరియాపై పరచినప్పుడు సుమారు వేయి రెట్లు ఎక్కువ. వెనేడియానికీ ఆధారానికీ నడుమ వంతెనవలె నిలిచే ఆక్సిజన్ బంధం ఆధారాన్ని బట్టి మారడం అందుకు కారణమట. వేగమొక్కటే చాలదు, పుట్టిన ఆల్డిహైడ్ ఉపరితలాన్ని వెంటనే విడువకపోతే ఇంకా ఆక్సీకరణం చెంది కార్బన్ డయాక్సైడు దాకా పోగలదు. ఇటువంటి ఉత్ప్రేరకాలపై హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోనూ పరిశోధనలు జరిగాయి.

నా ఊత సగమే నిలిచినది. పిల్లవాడే కాసేపు ఆలోచించి, "అయితే నేల అనండి సార్. అదే విత్తనం ఎర్రనేలలో ఒకలా, ఇసుకలో ఒకలా వస్తుంది" అన్నాడు. సిలికా అంటే ఇసుకే అని వానికి అప్పటికి ఎవరూ చెప్పలేదు.

తల్లి అంతా విన్నది, ఏమీ తేల్చలేదు. పదకొండవ తరగతి ప్రవేశాలకు ఇంకా వ్యవధి ఉన్నది. రసాయనం చెప్పే మిత్రులు ఈ చోట 'ఆధారం' అనే అంటున్నారా, మరొక మంచి మాట దొరికినదా, తెలియజేయగోరుతున్నాను.