సమ్మోహన చికిత్స – మా స్వానుభవం

భయం మనిషితో పాటు పుట్టదు. ఎవరో దానిని మనలో నాటుతారు. మనమే నీరు పోసి పెంచుతాము. ఈ సంగతి మాకు గ్రంథాల వలన గాక అనుభవం వలన బోధపడినది. మా వంటి విద్యార్థులు మరికొందరు ఉండకపోరని, వారికి ఉపయోగపడగలదని ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాము. దోషాలున్న పెద్దలు మన్నింతురు గాక.

మా ఇంటి భాష ఉర్దూ. అయిదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి, ఆరవ తరగతిలో తెలుగు మాధ్యమ పాఠశాలలో చేరాము. ఉర్దూలో 'ళ' లేదు, 'ణ' లేదు. మా నాలుక వాటికి బదులు 'ల', 'న'లనే పలికేది. ఒకనాడు ఉపాధ్యాయులు మమ్మల్ని లేచి పాఠం చదవమన్నారు. 'కళ్ళు తెరిచి చూశాడు' అన్న వాక్యాన్ని మేము 'కల్లు తెరిచి చూశాడు' అని చదివాము. తరగతి గొల్లుమన్నది. ఎందుకు నవ్వారో ఇంటికి వెళ్ళి, ఇరుగుపొరుగు వారిని అడిగితే గాని తెలియలేదు. తెలిసిన పిదప సిగ్గు రెట్టింపయినది. ఆ మాట మా ఇంట పలకరు. అయితే ఉపాధ్యాయులు మందలించినది నవ్విన వారిని కాదు. "నీ నాలుకకు తెలుగు తిరగదు, కూర్చో" అన్నారు.

కూర్చున్నాము. నిజం చెప్పవలెనంటే, తొమ్మిదేళ్ళు కూర్చొనే ఉన్నాము.

వ్రాతలో మాకు తడబాటు లేదు. డిగ్రీలో తెలుగు సాహిత్యాన్నే కోరి తీసుకొన్నాము. తెలుగు బోధించే ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించవలెనని మా ఆశయం. కాని నోరు విప్పలేనివారు పాఠమెట్లు చెప్పగలరు? గత విద్యా సంవత్సరం ఒక సదస్సులో వందన సమర్పణ బాధ్యత మాకు అప్పగించారు. మూడు రోజులు కంఠస్థం చేశాము. వేదిక ఎక్కి, "సభకు నమస్కారం" అన్నాము. అంతే. గొంతు ఎండిపోయినది. చేతిలోని కాగితం మీద అక్షరాలు ఉన్నవి; నోట మాట లేదు. నిలబడినంత సేపు నిలబడి దిగి వచ్చాము. ఆ రాత్రి, బి.ఇడి. ప్రవేశ పరీక్షకై దాచుకొన్న పుస్తకాలను కట్టగట్టి అటక మీద పెట్టాము.

మా నానీ తావీజు కట్టించినది. అమ్మీ కన్నీరు పెట్టుకొన్నది. మనస్తత్వశాస్త్రం బోధించే మా అధ్యాపకులు మాత్రం, పట్టణంలో ఒక మనస్తత్వ నిపుణురాలు ఉన్నారనీ, వారు ఇటువంటి భయాలకు సమ్మోహన చికిత్స చేస్తారనీ చెప్పారు. ఈ మాట వినగానే నానీ భయపడినది. "బేటా, పరాయి వారి చేతిలో మనసు పెడతారా? వాళ్ళు ఏం చేయిస్తే అది చేస్తావు" అన్నది. ఆమె భయం అకారణం కాదు. హిప్నాటిజం అనగానే మనకు జ్ఞాపకం వచ్చేవి సినిమాలలో ఊగే గడియారం, వేదిక మీద నిద్రలో తూలే మనుషులు. చివరకు మామూ తోడు రాగా బయలుదేరాము.

అక్కడ గడియారం లేదు, చీకటి గది లేదు. ఒక కుర్చీ, ఒక పంకా, బల్ల మీద కాగితాల దొంతర. మొదటి రోజు ఆమె చికిత్స ఆరంభించనే లేదు. గంటసేపు మా కథ విన్నారు. పూర్వం మానసిక వ్యాధికి మందులేమైనా వాడారా అని అడిగారు. ఆ పిమ్మట, "నేను మిమ్మల్ని నిద్రపుచ్చను. మీరు ఒప్పుకొన్న మాటనే మీ మనసు తీసుకొంటుంది. వద్దనుకొంటే ఏ క్షణంలోనైనా లేచిపోవచ్చు" అన్నారు.

రెండవ రోజు గోడ మీద ఒక చుక్కను చూడమన్నారు. శ్వాసను గమనించమన్నారు. నుదురు, భుజాలు, చేతులు ఒక్కొక్కటిగా సడలించమని, పది నుండి వెనుకకు లెక్కపెట్టారు. మనసుకు హాయి గొలిపే చోటును తలచుకోమంటే, నానీ ఇంటి వాకిలిలోని దానిమ్మ చెట్టు కనబడినది. విచిత్రమేమిటంటే, మాకు స్పృహ తప్పలేదు. వీధిలో ఆటో కూత, అసర్ అజాన్, బయట మామూ దగ్గు, అన్నీ వినబడుతూనే ఉన్నవి. అవి దూరమైనవి, అంతే. ఆ నెమ్మదిలో ఆరవ తరగతి గది కనబడినది. నిలబడి వణుకుతున్న ఆ పసిప్రాణం ప్రక్కన నేటి మేము వెళ్ళి నిలబడవలెనన్నారు. నిలబడ్డాము. కన్నీరు ఆగలేదు.

పిదప ఆమె, "ఆ ఉపాధ్యాయుణ్ణి క్షమిస్తున్నానని అనుకోండి" అన్నారు. మనసు ఒప్పుకోలేదు. కళ్ళు మూసుకొనే, "లేదండీ, అనలేను" అన్నాము. "వద్దంటే వదిలేద్దాం" అన్నారామె. నానీ భయానికి సమాధానం మాకు ఆ క్షణంలో దొరికినది. మా ఇచ్ఛ మా వద్దనే ఉన్నది!

మరొకనాడు మేము ఒక కోరిక కోరాము: ఆనాడు తరగతిలో మొదట నవ్వినది ఎవరో ఈ స్థితిలో జ్ఞాపకం చేయించగలరా అని. ఆమె నిరాకరించారు. సమ్మోహన స్థితిలో మనసు లేని జ్ఞాపకాన్ని కల్పించుకొని, అదే నిజమని గట్టిగా నమ్మగలదట. "మనకు కావలసినది నేరస్థుడు కాదు, మీ గొంతు" అన్నారు.

ఈ విద్య చరిత్ర చదివితే ఆమె మాటలకు అర్థం తెలిసినది. పద్దెనిమిదవ శతాబ్దంలో మెస్మర్ అనే వైద్యుడు, మనుషులలో ప్రవహించే ఒక అయస్కాంత శక్తితో రోగాలు నయం చేస్తానన్నాడు. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘం (బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోసియే అందులో సభ్యులు) అటువంటి శక్తి ఏదీ లేదనీ, పని చేస్తున్నది రోగి భావనయేననీ తేల్చినది. మన దేశంలోనే, 1845లో హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే వైద్యుడు, క్లోరోఫారం రాకముందే, ఈ పద్ధతితో రోగులకు శస్త్రచికిత్సలు చేశాడు. 'నిద్ర' అని అర్థమిచ్చే గ్రీకు పదం నుండి హిప్నాటిజం అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన జేమ్స్ బ్రెయిడ్, ఇది నిద్ర కాదని తరువాత గ్రహించి, 'ఏకభావన' అని అర్థమిచ్చే మరొక పేరు ప్రతిపాదించాడు. కాని పాత పేరే నిలిచినది. 1955లో బ్రిటిష్ వైద్య సంఘం దీనిని చికిత్సా సాధనంగా అంగీకరించినది. తెలుగునాట దీని చుట్టూ ఉన్న భయాన్ని పోగొట్టి, ఇంటింటికీ తెలిసేటట్లు వ్రాసినవారు, 2025లో దివంగతులైన ఇంద్రజాలికులు డా. బి.వి. పట్టాభిరాం.

ఏకభావన అన్న మాట వద్ద మేము చాలాసేపు ఆగిపోయాము. "నీ నాలుకకు తెలుగు తిరగదు" అన్న వాక్యం కూడ ఏకభావనయే గదా! పెద్దవారు చెప్పారు, పసిమనసు ఒప్పుకొన్నది, తొమ్మిదేళ్ళు ఆ ఆజ్ఞను పాలించినది. మేము సమ్మోహితులమైనది ఈ కుర్చీలో కాదు, ఆ తరగతి గదిలో. ఈ కుర్చీలో జరిగినది మేల్కొలుపు.

అయిదు పర్యాయాలు వెళ్ళాము. ప్రతి రాత్రి ఇషా నమాజు తరువాత పది నిమిషాలు స్వయంగా సాధన చేశాము. వేదిక, మైకు, ఎదుట సభ, మా మొదటి వాక్యం, అన్నీ మనోనేత్రంతో చూసేవారము. అయితే ఒక్క మాట మనవి చేయవలెను. సమ్మోహనం మాకు 'ళ' నేర్పలేదు. దానిని మా తెలుగు అధ్యాపకులు సాయంకాలాలు కూర్చోబెట్టి నేర్పారు. చికిత్స తలుపు గడియ తీసినది. నడిచినది మాత్రం మా కాళ్ళతోనే.

ఈ సంవత్సరం మళ్ళీ వందన సమర్పణ అడిగి తీసుకొన్నాము. ఏడు నిమిషాలు మాట్లాడాము. చేతిలో కాగితం వణుకుతూనే ఉన్నది. 'ప్రేరణ' అనబోయి 'ప్రేరన' అన్నాము. వెనుక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒక శ్వాస తీసుకొని, మళ్ళీ సరిగా పలికి, ముందుకు సాగాము. మరునాడు అటక మీది కట్ట దించాము.

మిత్రులారా! ఇది సర్వరోగ నివారిణి కాదు. అందరి మనసు దీనికి ఒకే విధంగా స్పందించదు. ఒక్క రోజులో బాగు చేస్తామనే వారిని, మీ కథ వినకుండానే కళ్ళు మూయమనే వారిని నమ్మవద్దు. వేదన తీవ్రమైనచో మానసిక వైద్యుని వద్దకే వెళ్ళవలెను. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చును.

ఆ ఉపాధ్యాయుణ్ణి మేము ఇంకను పూర్తిగా క్షమించలేదు. ఒకనాడు క్షమించగలమేమో. కాని రేపు మా తరగతిలో ఒక చిన్నారి లేచి 'కల్లు తెరిచి' అని చదివినచో ఏమనవలెనో మాకు ఇప్పటికే తెలుసును. "మళ్ళీ చదువు నాన్నా, నీకు వస్తుంది" అంటాము.