తెరవని పుస్తకం

తాతగారి నుంచి నాకు దక్కిన ఆస్తి 1964 నాటి అంబాసిడరు కారు. ఖరీదైనదే మంచిదనుకొని, కొత్త కార్లకు వాడే పల్చని సింథటిక్ ఆయిలు పోయించాను. నెల తిరక్కుండానే కారు కింద నల్లని చుక్కల ముగ్గు, ఇంజనులో టకటక!

మేస్త్రీ నవ్వాడు. "పాత ఇంజనులో క్యాము, టాపెట్లూ ఒరుసుకుంటూ తిరుగుతాయండీ, మాస్టారూ. అవి అరక్కుండా కాపాడేది ఆయిల్లో కలిపే జింకు, భాస్వరం మందు. ఆ భాస్వరంతో కొత్త కార్ల పొగగొట్టంలోని కన్వర్టరు పాడవుతుందని ఈ ఆయిళ్ళలో తగ్గించారు."

ఆ మందు దండిగా ఉన్న చిక్కటి 20 డబ్ల్యూ 50 పోశాడు. టకటక సద్దుమణిగింది.

ఆ సాయంత్రం డాష్‌బోర్డు అరలో తాతగారి చిట్టాపుస్తకం కంటబడింది. "వేసవికి చిక్కటి ఆయిలే" అని తారీఖులతో సహా రాసుకున్నారు. ఎన్ని ప్రబంధాలు తిరగేశానో గాని, ఆ పుస్తకం మాత్రం ఇన్నాళ్ళూ తెరవలేదు!